మూట విప్పని అక్క

తొర్రూరు అక్క పోయింది. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే మా ఆఫీసు డ్రైవరన్న ఫోన్ చేసి, "మేడం, అక్క లేదట. దవాఖానల పానం పోయిందట," అన్నాడు. చేతిలో అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెనం మీద దోసె మాడింది. ఏడుపు రాలేదు. అప్పుడు మనసులోకి వచ్చిన మొదటి మాట చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. అయినా చెబుతాను. "ఇందులో కూడా నాకంటే ముందే ఉన్నావా అక్కా" అనుకున్నాను.

పక్కపక్క కుర్చీల్లో ఎన్నేళ్లు కూర్చున్నామో, అన్నేళ్లూ ఆమె మీద నాకు అసూయే. ప్రేమ లేదా అంటే ఉంది. కానీ ఆ ప్రేమ గురించి వాళ్లూ వీళ్లూ చెప్పనే చెబుతారు. కుళ్లు సంగతి నేను కాకపోతే ఎవరు చెబుతారు?

మాది పాల సంస్థ. ఆఫీసు జనగామలో ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల ఊళ్ల నుంచి రెండు పూటలా పాలు వస్తాయి. ఏ ఊరి కేంద్రంలో ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత అన్నది పూటపూటకూ కంప్యూటర్‌కెక్కుతుంది. అదంతా డేటాబేస్ అనే పెద్ద గోదాములో పడుతుంది. ఆ గోదాములోంచి సార్లు అడిగింది వెతికి ఇవ్వడం మా ఇద్దరి పని. ఆమె చదివిందీ నేను చదివిందీ ఒకటే. ఆమె ముందు చేరింది, అంతే.

మీటింగులో జనరల్ మేనేజర్ సారు ఉన్నట్టుండి, "పోయిన ఎండకాలం మహబూబాబాద్ దిక్కు ఏ కేంద్రంల వెన్న తగ్గింది?" అని అడిగేవాడు. నేను గబగబా క్వెరీ, అంటే కంప్యూటర్‌కు అర్థమయ్యే ప్రశ్న, రాసి, మొత్తం లెక్కల్ని మొదటి నుంచి చివరిదాకా చదవమని సర్వర్‌కు చెప్పేదాన్ని. అది మూలుగుతూ కూర్చునేది. అవతలి గదిలో బిల్లులు కొట్టేవాళ్లు, "ఏమైందే, అన్ని ఆగినయ్," అని గోల పెట్టేవాళ్లు. ఈలోగా అక్క సోంపు నములుతూ జవాబు చెప్పేసేది. చెప్పి ఊరుకునేదా? కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, సారు శభాష్ అనేదాకా ఆయన మొహమే చూసేది. ఆమె మహా వినయవంతురాలని సంతాపసభలో ఎవరో అన్నారు. నమ్మకండి. పొగడ్తంటే చెవి కోసుకునే మనిషి.

"ఎట్లక్కా?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

వాళ్ల నాన్నది తొర్రూరులో పప్పులు, మిరపకాయల హోల్‌సేల్ దుకాణం. "మా బాపు దుకాణంల గిరాకి వచ్చి సన్న మిరపకాయ ఉన్నదా అంటే మూటలన్ని విప్పుతమా? మూట మూతికి చీటీ ఉంటది. ఏం రకం, ఎప్పుడొచ్చింది అని. అది చూసి, సంబంధం లేని మూటను ముట్టనే ముట్టం. గిదీ గంతేనే," అంది.

ఆమె ఒక్కో నెల పాల లెక్కను ఒక్కో మూటగా కట్టించింది. ప్రతి మూటకూ చిన్న వివరం తగిలించింది. అందులో ఏ కేంద్రాలున్నాయి, ఒక్కో కేంద్రంలో వెన్న అతి తక్కువ ఎంత, అతి ఎక్కువ ఎంత అని. దీన్నే మా పని చేసేవాళ్లు మెటాడేటా అంటారు. డేటా గురించిన డేటా అన్నమాట. ఈ హద్దు కంటే వెన్న ఎక్కడ తగ్గింది అని సారు అడిగితే, అక్క ముందు ఆ చీటీలే చూసేది. ఒక నెలలో అతి తక్కువ అన్నదే హద్దుకు పైన ఉందంటే, ఇక ఆ నెలలోకి తొంగి చూసే పనే లేదు. మిగిలిన ఒకటో రెండో మూటలే విప్పేది. చాలాసార్లు ఆ అవసరం కూడా రాకుండానే జవాబు దొరికేది. "అందరిని అడుగుడెందుకే? తెలిసినోన్ని ఒక్కన్ని అడుగు," అనేది.

వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. ఇంత మాత్రం దానికి నా బుర్ర ఎందుకు పనిచేయలేదా అని ఒళ్లు మండేది. సరే, నేర్చుకున్నాను. నేనూ అలాగే చేయసాగాను. అప్పుడేమో, "అక్క లెక్కనే చేస్తున్నవే," అని మెచ్చుకునేవాళ్లు. పుండు మీద కారం చల్లడమంటే అదే. నాకు కావలసిందల్లా ఒకటే. సారు ప్రశ్న అడిగి, ఒక్కసారైనా ఆమె వైపు కాకుండా నా వైపు చూడాలి.

ఆ ఒక్కసారీ వచ్చింది. నెలనెలా వెన్న హద్దు దిగువకు పోతున్న కేంద్రం ఏదని సారు అడిగాడు. అక్క చీటీలు చూసి, చిల్పూర్ పక్కన ఒక ఊరి పేరు చెప్పింది. "నీళ్లు కలుపుతున్నట్టున్నది సార్," అని కూడా అంది. అయితే ఆ కేంద్రం మూసేద్దామన్నాడు సారు. ఆ ఊరి ఆడవాళ్లకు పాల మీదే ఇల్లు గడుస్తుంది. వాళ్లను తలచుకుని నా గుండె కరిగిందని రాసుకుంటే బాగుంటుంది గానీ, అది అబద్ధం. అక్క చెప్పింది తప్పు కావాలని మనసారా కోరుకున్నాను. "జర రేపటిదాంక ఆగుర్రి సార్," అన్నాను.

ఆ మధ్యాహ్నం ఆ ఒక్క కేంద్రం లెక్కలు విప్పి చూశాను. మామూలు రోజుల్లో వెన్న దివ్యంగా ఉంది. పడిపోయిన రోజులు ఏరి పక్కపక్కన పెడితే అన్నీ శనివారాలే. కేంద్రం నడిపే అవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, శనివారం మీ ఊళ్లె ఏం చేస్తరు?"

"ఏం చేస్తం బిడ్డా, గుట్ట మీది వెంకన్నకు పరమాన్నం వండుతం. శనారం బర్రె పాలు దేవునికే. ఊరంత గంతే. గా రోజు కేంద్రంల ఆవు పాలే పోస్తం. మీకు ఎర్కలేదా?"

చిక్కటి బర్రె పాలు రాకపోతే వెన్న పడిపోక ఏం చేస్తుంది? చీటీ అబద్ధమాడలేదు. నెల మొత్తంలో అతి తక్కువ ఎంతో చెప్పింది గానీ, అది వారంలో ఏ రోజో చెప్పలేదు. అక్కే తొందరపడింది. ఆ రోజు నా సంతోషం చూసి మా ఇంట్లోవాళ్లు జీతం పెరిగిందనుకున్నారు.

మర్నాడు మీటింగుకు ముందే అక్కకు చూపించాను. ఆమె మొహం మాడిపోవడం చూడాలని ఆశ. అక్క కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూసింది. "అయ్యో, ఊరోళ్ల నోట్ల మన్ను కొడుతుంటి గదనే," అంది. తీరా మీటింగులో నేను లేవబోయే లోపు తనే లేచింది. "సార్, నిన్న నేను చెప్పింది తప్పు. చెల్లె పట్టింది. దాని తెలివి నాకు లేదు."

సారు ఎవరి వైపు చూశాడంటారు? ఆమె వైపే. తప్పు ఒప్పుకోవడానికి ఎంత పెద్ద మనసుండాలమ్మా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాల్సి వచ్చింది.

ఆ పూట నేను టిఫిన్ డబ్బా మూత తీయలేదు. అక్క సర్వపిండి ముక్క తెచ్చి నా ముందు పెట్టింది. "మొహం గట్ల పెట్టకు, తిను."

"నేను చెప్తుంటి గదక్కా," అన్నాను.

"నువ్వు చెప్తే అది నా తప్పు అయితుండె. నేను చెప్తే నా గొప్ప అయింది. గీ ఉపాయం కూడ నేర్చుకో," అని పకపకా నవ్వింది. ఆ సాయంత్రమే కూర్చుని ప్రతి చీటీలోనూ అతి తక్కువ వెన్న వచ్చింది వారంలో ఏ రోజో చేర్చింది. అంత మనిషిని చూసి కుళ్లుకోకుండా ఎట్లా ఉంటారో మీరే చెప్పండి.

ఆమె పోయిన మూడోనాడు తొర్రూరు వెళ్లాను. వాళ్లాయన ఆమె ఫోన్ పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఒక్కో ఫోటో తెరుస్తున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. "అమ్మా, పెద్దదినానికి దండ వేసే ఫోటో కావాలె. నవ్వుతున్నది కావాలె. వేల ఫోటోలున్నయ్ దీంట్ల. చూస్తుంటే నాతోని అయితలేదు," అన్నాడు.

ప్రతి ఫోటో ఎక్కడ తీసిందీ, ఏ రోజు తీసిందీ ఫోన్ దాచుకుంటుంది. నేను ఒక్క ఫోటో కూడా తెరవలేదు. ఫోన్‌నే చిల్పూర్ అని అడిగాను. అందులో శనివారం తీసినవి చూశాను. కేంద్రం మూతపడకుండా నిలిచిన తర్వాత ఒక శనివారం ఆ ఊరి ఆడవాళ్లు మమ్మల్నిద్దర్నీ పిలిచి పరమాన్నం పెట్టారు. అక్క అంతగా నవ్వింది అక్కడే. గుప్పెడు ఫోటోలు వచ్చాయి. ఒకదాంట్లో ఆమె చేతిలో గిన్నె, నోటి నిండా నవ్వు. పక్కన ఆమె భుజం మీద చెయ్యి వేసి నేను.

"గిదే, గిదే," అన్నాడాయన. ఇంట్లోవాళ్లంతా చుట్టూ మూగారు. ఇంత తొందరగా ఎట్లా దొరికిందని ఒక్కరూ అడగలేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

పెద్దదినం నాడు వెళ్లేసరికి ఫోటోకు ఫ్రేమ్ కట్టించి బంతిపూల దండ వేశారు. ఫ్రేమ్ కట్టినవాడు నన్ను కత్తిరించాడు. అక్క ఒక్కతే నవ్వుతోంది. దండ కిందుగా, ఆమె భుజం మీద, నా నాలుగు వేళ్లు మాత్రం ఉన్నాయి. గట్టిగా పట్టుకుని ఉన్నాయి.