అత్తమ్మ దర్వాజ పట్టని ఇల్లు

మా అక్కను అలియాబాద్‌కు ఇచ్చారు. ఆ ఇంట్లో ఇప్పుడుండేది ముగ్గురే: అక్క, బావ, బావ తల్లి. నేను అత్తమ్మ అని పిలిచే ఆ ముసలావిడ పోయిన వానాకాలం మొదట్లో, పగిలిన మట్టిగోడ పక్కనే పడుకుంటానని మొండికేసింది. గట్టి వాన ఒక్కటి పడితే ఆ గోడ కూలుతుందని చూసిన ప్రతివాడికీ తెలుసు. అదే వాకిట్లో రెండు కొత్త గదులు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో కాలు పెట్టనంది.

ఆ గదులు పెట్టించింది నేనే. బౌరంపేట దగ్గర గేటెడ్ కమ్యూనిటీ ఒకటి పూర్తయ్యాక, ఇంజనీర్లు కూర్చున్న ఆఫీసును విప్పి అమ్మేస్తుంటే కొన్నాను. ఇనుప స్తంభాలు, వాటి మధ్య రేకు పలకలు, అన్నీ నట్లూ బోల్టుల మీద నిలిచేవే. ఒకచోట విప్పి మరోచోట బిగించుకోవచ్చు. గోడలకు ఇసుక అక్కర్లేదు, ఇటుక అక్కర్లేదు. శామీర్‌పేట చుట్టూ గుట్టలు కంకరగా మారి లారీలెక్కుతున్నాయి. వాస్తు కుదరలేదని నిక్షేపంలాంటి ఇంటిని కూలగొట్టే చదువుకున్నవాళ్లు ఆ పెళ్లలను తెచ్చి కుంటల్లో పోస్తున్నారు. దీని మీద సభల్లో ఎన్నోసార్లు మండిపడ్డాను. ఇక్కడ చేసి చూపించవచ్చనుకున్నాను. బావ సరేనన్నాడు.

ట్రాక్టరు నుంచి పలకలు దించుతుంటే పక్కింటాయన వచ్చి నిలబడ్డాడు.

“ఏందే, గీ డబ్బల ఉంటవా? ఎండకాలం రొట్టె లెక్క కాల్తవ్ గద.”

“కాలినంక నిన్నే పిలుస్త. కారం ఏస్కొని తిను,” అన్నాడు బావ.

అత్తమ్మ మాత్రం నవ్వలేదు. “ఇప్పుకొచ్చిన ఇంట్ల నేనుండ. ఎవరి పాణం పోయిందో గా రేకుల నడుమ.”

“అది ఆఫీసు అత్తమ్మా. అండ్ల ఎవరు సస్తరు? కూసొని చాయ్ తాగిన్రు, పోయిన్రు,” అన్నాను.

“చాయ్ తాగెటోల్లు సావరా?”

నాకు పంతం పెరిగింది. మా దిక్కున ఇల్లు విప్పడం కొత్త సంగతేమీ కాదు. ఎక్కడో పాత ఇల్లు విప్పుతున్నారని తెలిస్తే చాలు, బండ్లు కట్టుకుని వెళ్లి దూలాలు, దర్వాజలు కొనుక్కొచ్చుకునేవాళ్లు. అత్తమ్మ ఇంటి దర్వాజ కూడా, చుట్టూ ఉన్న టేకు చట్రంతో సహా, పక్క ఊళ్లో దొర ఉండిన పెద్ద గడి విప్పినప్పుడు ఆమె మామ తెచ్చిందే. ఆ ముచ్చట ఆమే గొప్పగా చెప్పేది.

“నీ దర్వాజ సుత ఇప్పుకొచ్చిందే గద అత్తమ్మా. గడిల ఎవ్వరు సావలేదా?” అన్నాను.

ఆమె తల తిప్పి తన దర్వాజను చూసింది. “సరే మరి. దాన్ని తీస్కపోయి నీ డబ్బకు పెట్టు. నా దర్వాజ యాడుంటే నేనాడుంట.”

వాదంలో ఆమె ఓడిపోలేదు, నన్ను పనిలో పెట్టింది. ఆ దర్వాజ పొట్టిది, వెడల్పైనది, లోపలికి పోవాలంటే తల వంచాలి. కింద మందపాటి కడప, ఏళ్ల తరబడి పసుపు పూసి పూసి చెక్క రంగే మారిపోయింది. రేకు పలకలన్నీ ఒకే కొలత. ఒక పలక తీస్తే ఆ ఖాళీలో మరో పలకే కూర్చుంటుంది.

“కడప రెండు దిక్కుల కోసేస్తే గా సందుల పడ్తది సార్,” అన్నాడు బిగించడానికి వచ్చినతను.

“ముందుగాల నన్ను కొయ్యి,” అంది అక్క.

నాకు కోపం వచ్చింది, కానీ ఈసారి అది వాళ్ల మీద కాదు. ఎన్నిసార్లైనా వాడుకోవచ్చని నేను ఊరంతా చెప్పుకున్న ఈ పద్ధతికి తన ముక్కలు తప్ప వేరే ఏవీ పనికిరావు. రెండు ఇళ్లు చూసి, ఇంకో రెండు ఇళ్లకు సరిపోయే టేకును అది చెత్త కింద జమకడుతోంది.

చివరికి బావ ఉపాయం చెప్పాడు. రెండు పలకలు తీసేసి, దర్వాజ నిలబెట్టి, చుట్టూ మిగిలిన సందును రాయీ సిమెంటుతో పూడ్చేయాలి. ఆ మూల ఇక ఎన్నటికీ విప్పడానికి రాదని నేను గొణిగాను.

“మేం ఉండనీకి కట్టుకుంటున్నం తమ్మీ, ఇప్పనీకి గాదు,” అంది అక్క.

ఆ దర్వాజ ఉన్నది పగిలిన గోడలోనే. పైగోడకు కర్రలు పోటు పెట్టి దాన్ని ఊడదీశాం. కొత్త చోట నిలబెట్టాక అత్తమ్మ కడపకు మొక్కి, తల వంచి, లోపలికి వచ్చింది. మంచం మాత్రం పాత గోడ పక్కనే వదిలేసింది. ఆ వారంలోనే ముసురు పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం, అందరం అన్నాల దగ్గర ఉండగా, పాత గోడ సరిగ్గా ఆ మంచం మీద కూలింది.

చప్పుడు విని వాడకట్టంతా వచ్చింది. “కడప లేపిన్రు, ఇల్లు పాయె,” అన్నాడు పక్కింటాయన. మిగతావాళ్లు తలలూపారు. నేను ఊరుకోలేకపోయాను. పైగోడ బరువంతా ఇన్నాళ్లూ ఆ టేకు చట్రమే మోసింది, మేం పెట్టిన కర్రలు నానిన నేలలోకి దిగిపోయాయి, అంతే తప్ప ఇందులో మహిమ ఏమీ లేదని చెప్పాను.

“మేం గదే అంటున్నం గద సారూ. దర్వాజ తీసుడుతోనే పడ్డది,” అన్నాడు పక్కింటాయన.

గోడ పడటానికి వాళ్లు చెప్పిన కారణమూ, నేను చెప్పిన కారణమూ నిజంగానే ఒకటి. దాని నుంచి వాళ్లు భయాన్ని తీసుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

అత్తమ్మ కడప మీద కూర్చుని మట్టిలోంచి పైకి తేలిన మంచం కోడును చూస్తోంది. నేను పక్కన కూర్చున్నాను.

“తియ్యకుంటే నిలుస్తుండె,” అంది.

“తియ్యకున్నా పడుతుండె అత్తమ్మా. నీ మీదనే పడుతుండె.”

“పడకపోతుండె.”

ఆ మాట తప్పని రుజువు చేయడానికి నా దగ్గర ఏమీ లేదు. రుజువు దొరకాలంటే, ఆ మధ్యాహ్నం దర్వాజ పాత గోడలోనే, ఆమె ఆ మంచం మీదే ఉండాల్సింది.