ఇరవై ఏడో నంబరు నీలం జెర్సీ

ఓరెస్ట్ బరాన్యుక్ ఇంటికి భోజనానికి వెళ్ళినవాడు, పళ్ళెంలో పెరోగీ కుడుములు చల్లారిపోయినా సరే, ముందు నేలమాళిగలోకి దిగి రావలసిందే. అక్కడ గోడల పొడుగునా ఇనుప కడ్డీలకు హాకీ జెర్సీలు వేలాడుతుంటాయి. కొత్తవి కావు. జీతానికి ఐస్ హాకీ ఆడేవాళ్ళు ఒంటిమీద వేసుకుని, చెమటోడ్చి, తన్నుకుని, విప్పి పడేసినవి. చేతుల మీద కర్ర దెబ్బల నల్ల చారలు, మోచేతుల దగ్గర మంచు బరి చుట్టూ ఉండే రింకు గోడకు రాసుకున్న రంగు, మెడ దగ్గర ఎవడి ముక్కులోంచి కారిందో తెలియని రక్తం మరక. తెలియనివాడికి అదంతా చాకలి మూట. ఓరెస్ట్‌కు మాత్రం ఆ మరకలే ఆస్తి.

"చూశావా ఈ చిరుగు? ఇది పడ్డ ఆట నేను రేడియోలో విన్నా," అంటాడు వేలు పెట్టి చూపిస్తూ.

"వింటే విన్నావు గానీ వాడి చెమట వాసన కూడా రేడియోలోనే వదిలేసి రావాల్సింది," అని మెట్ల పైనుంచి కేకేస్తుంది భార్య నాదియా. "దేశంలో ఉన్న మగాళ్ళ కంపంతా నా వంటింటి కింద అద్దెకుంటోంది. ఒక్కడూ అద్దె ఇవ్వడు."

నలభై ఏళ్ళ కాపురంలో ఆమె ఆ జెర్సీల్లో ఒక్కదాన్ని కూడా ఉతకలేదు. ఉతకనిస్తే కదా! సేకరించేవాళ్ళ ధర్మం ఒకటుంది: ఆటగాడు చివరిసారి ఎలా విప్పాడో జెర్సీ అలాగే ఉండాలి. ఉతకకూడదు, ఇస్త్రీ పెట్టకూడదు, ఊడిన దారం కూడా తిరిగి కుట్టకూడదు. ఈ విషయంలో ఓరెస్ట్‌ది మరీ చాదస్తం. రెజైనాలో వెర్న్ అనే స్నేహితుడు అమ్మకానికి పెట్టిన జెర్సీకి ఊడిపోతున్న అంకెను పాపం జాగ్రత్తగా కుట్టిస్తే, "నువ్వు శవానికి రంగేసే రకం" అని తిట్టి ఒక చలికాలమంతా అతనితో మాట్లాడలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మా ప్లోవర్ క్రీక్‌లో రైతుల ధాన్యం కొని నిల్వచేసే ఎలివేటర్ దగ్గర ముప్ఫై ఏళ్ళు గోధుమలు తూచినప్పుడూ అంతే, గింజ అటూ ఇటూ పోనిచ్చేవాడు కాదు.

ఈ పిచ్చి ఆయనకు ఒక్కడికే ఉంటే ఇంత కథ లేదు. కొడుకు కర్టిస్‌కు కూడా ఉండేది. చిన్నప్పుడు ట్రక్కులో ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో పొద్దుతిరుగుడు గింజల పొట్లం పెట్టుకుని, తండ్రితోపాటు జెర్సీల సంతలకు వెళ్ళేవాడు. పెద్దవాడై తనే ఆటగాడయ్యాడు. ఊళ్ళో అందరూ అనుకున్నంత గొప్పవాడు కాలేదు. అయినా ఒక చలికాలం, సరిహద్దు అవతల ఆస్పెన్ హిల్‌లో మార్టెన్స్ అనే జట్టు వాడికి జీతమిచ్చి ఆడించింది. నీలం జెర్సీ, ఇరవై ఏడో నంబరు. పట్టుమని పది ఆటలు ఆడాడో లేదో, ఒకరోజు పొద్దున్నే పిలిచి ఇంటికి పొమ్మన్నారు. అలాంటి బీద జట్లలో అంతే. మనిషి వెళ్ళగానే వీపు మీది పేరుపట్టీ ఊడదీసి, వచ్చేవాడి పేరు కుట్టి అదే జెర్సీ తొడిగిస్తారు. ఆటల కాలం ముగిశాక సంతలో అమ్ముకుంటారు.

కర్టిస్ ఇంటికొచ్చినప్పుడు సంచిలో బరాన్యుక్ అని తెల్ల అక్షరాలున్న పేరుపట్టీ ఒక్కటే ఉంది. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి, "ఇదిగో నాన్నా, నీ వంతు," అని నవ్వాడు. తరువాత తండ్రితోపాటు ఎలివేటర్ దగ్గర పనిలో చేరాడు. రెండో ఏడు నవంబరులో, రైలు గేటు దగ్గర రోడ్డు మీద కనపడకుండా పేరుకున్న మంచుకు వాడి ట్రక్కు జారిపోయింది. ఇక ఆ సంగతి చెప్పను. చెప్పడానికి నాకు చేతకాదు, ఊళ్ళో ఎవరికీ చేతకాదు.

అప్పటినుంచి ఓరెస్ట్‌కు ఈ లోకంలో కావలసింది ఒక్కటే: కర్టిస్ తొడిగిన ఆ నీలం జెర్సీ. మీద ఎవరి పేరైనా ఉండనీ, కింద వాడిదే కదా. పాత పట్టీ కుట్టిన సూది చిల్లులు గుడ్డలో అలాగే ఉండిపోతాయి. కొత్త పేరు విప్పితే కింద పాత పేరు జాడ కనిపిస్తుంది. దాన్ని వెతుక్కుంటూ తొమ్మిదేళ్ళు సంతలన్నీ తిరిగాడు. ఆస్పెన్ హిల్ పత్రికలో వచ్చిన ఫోటో ఒకటి ఎప్పుడూ జేబులో ఉండేది. అందులో కర్టిస్ రింకు గోడకు ఒరిగి ఉన్నాడు. కుడి మోచేతి మీద గేలంలా వంపు తిరిగిన గీత ఒకటి ఉంది. గోడకు రాసుకుని కాలిన గుర్తు అని ఓరెస్ట్ నమ్మకం. అది చొక్కా ముడత అని నాదియా నమ్మకం.

ఈ ఫిబ్రవరిలో రెజైనా హోటల్లో జరిగిన సంతలో వెర్న్ బల్ల మీద అది కనిపించింది. మార్టెన్స్ జట్టు నీలం జెర్సీ. ఇరవై ఏడు. వీపు మీద ఆర్సెనో అనే పేరు. ఓరెస్ట్ భూతద్దం తీసి ఫోటోనూ మోచేతినీ మార్చి మార్చి చూశాడు. గీత ఉంది. వంపు కూడా తిరిగి ఉంది. పక్కనున్న కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఎంతకిస్తావు?" అన్నాడు.

వెర్న్ ఏదో ధర చెప్పాడు. ఓరెస్ట్ అడిగినంతా ఇచ్చేశాడు. బేరమాడని ఓరెస్ట్‌ను చూసి వెర్న్ బెదిరిపోయాడు. "ఏం అన్నా, ఒంట్లో బాలేదా? నీళ్ళు తాగుతావా?" అని వెనకాలే తలుపు దాకా వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి నాదియా క్యాబేజీ చుట్టలు ఉడికిస్తోంది. ఆయన టోపీ కూడా తీయకుండా జెర్సీని బల్ల మీద పరిచాడు. ఆమె చేతులు తుడుచుకుని చూసింది. ఫోటో చూసింది. మళ్ళీ జెర్సీ చూసింది.

"ముడతయ్యా అది," అంది. గొంతు మాత్రం ఎప్పటిలా గట్టిగా లేదు.

"కాదు."

"సరే, కాదు. ఇప్పుడేం చేస్తావు?"

"పేరు విప్పుతా."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నువ్వా? ఒక్క అంకె కుట్టాడని వెర్న్‌ని నానా మాటలన్నావు. ఈ ఆర్సెనో ఎవడో, వాడికీ ఒక తల్లి ఉంటుంది. ఆ పేరు తీసేస్తే పాపం కాదూ?"

"మన పేరు కింద ఉంది నాదియా! నాకు అది చూడాలి. ఆ తర్వాత మన పట్టీ దానిమీద కుట్టేద్దాం. సేకరించేవాళ్ళు ఏమన్నా అనుకోనీ, నాకేం ధర్మం, నాకేం సంత!"

సొరుగులోంచి కుట్లు విప్పే కొక్కెం తెచ్చి మొదలుపెట్టాడు. మొదటి కుట్టుకే కొక్కెం జారి గుడ్డ పీక్కుపోయింది. నాదియా కాసేపు చూసి, పొయ్యి కట్టేసి వచ్చి పక్కన కూర్చుంది.

"ఇలా ఇవ్వు. గుడ్డ చింపుతావు."

నమ్మనని చెప్పిన మనిషే కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక్కో కుట్టూ విప్పింది. విప్పడానికి ముందే తెల్ల దారం సూదికి ఎక్కించి కొంగు అంచుకు గుచ్చినట్టు తన ఏప్రనుకు గుచ్చుకుంది. కర్టిస్ పేరుపట్టీ తెచ్చి పక్కన పెట్టుకుంది కూడా. ఓరెస్ట్ ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. చివరి దారం తెగింది. పట్టీ పైకి లేచింది.

కింద గుడ్డ ముదురు నీలంగా, కొత్తగా, నిన్న నేసినట్టు ఉంది. ఆర్సెనో పట్టీ చుట్టూ ఒకే ఒక్క వరుస చిల్లులు. రెండో వరుస లేదు. ఓరెస్ట్ జెర్సీని కిటికీకి అడ్డంగా పట్టి చూశాడు, తిప్పి చూశాడు, భూతద్దం పెట్టి చూశాడు. ఆ వీపు మీద అంతకుముందు ఎవరి పేరూ లేదు. అది కర్టిస్ ఒంటి మీద ఎన్నడూ పడలేదు.

నాదియా ఏప్రను నుంచి సూది తీసి డబ్బాలో పెట్టి, స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కుళాయి నీళ్ళు చాలాసేపు పారుతూనే ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారు, అది ఆ పూట వాళ్ళిద్దరికీ తగిలింది. క్యాబేజీ చుట్టలు ఎవరూ తినలేదు.

మర్నాడు ఆమె ఆర్సెనో పట్టీని పాత చిల్లుల్లోంచే తిరిగి కుట్టింది. కుట్టు బాగానే కుదిరింది. కానీ ధర్మం ప్రకారం ఆ జెర్సీ ఇక చెడిపోయినట్టే. దాన్ని పాడుచేసినవాడు తానే కావడం ఓరెస్ట్‌కు మింగుడు పడలేదు. వారం రోజులు నేలమాళిగలోకి దిగలేదు. చివరికి వెర్న్‌కు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తిడతాడనుకుంటే, వెర్న్ తిట్టలేదు. "ఆర్సెనో న్యూ బ్రన్స్‌విక్ తీరంలో రొయ్యల పడవ నడుపుతున్నాడన్నా. నంబరిస్తా. నీ కొడుకు తర్వాత వచ్చినవాడు కదా, ఆ జెర్సీ ఎటుపోయిందో వాడికి తెలిసుండొచ్చు," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఓరెస్ట్ వంటింట్లో నిలబడే ఫోన్ చేశాడు. నాదియా బల్ల దగ్గర పిండి పిసుకుతోంది. అవతల గొంతు బొంగురుగా, హుషారుగా ఉంది.

"బాబూ, నా దగ్గర నీ పాత జెర్సీ ఒకటుంది. తెలివితక్కువగా దాని మీది నీ పేరు ఊడదీశాను. మళ్ళీ కుట్టించాం అనుకో. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను."

ఆర్సెనో పగలబడి నవ్వాడు. "నా పేరా? మా ఆవిడ ఎప్పుడో తన పేరు పక్కనుంచి ఊడదీసి పోయింది, పెద్దాయనా! మీరు మళ్ళీ కుట్టారు, అదే గొప్ప."

ఓరెస్ట్‌కు నవ్వు రాలేదు. "నీకంటే ముందు ఇరవై ఏడు వేసుకున్నవాడి జెర్సీ ఏమైందో తెలుసా?"

"బారన్‌దా? మేమంతా వాణ్ణి బారన్ అనేవాళ్ళం. తెలీకపోవడమేంటి! నేను వెళ్ళిన రోజే వాడి చివరి ఆట. ఎవడి స్కేటు బ్లేడో తగిలి జెర్సీ చంకలోంచి కింద దాకా చీలిపోయింది. సామాన్లు చూసే ముసలాయన దాన్ని అతుకులకి కత్తిరించేశాడు. మిగతావాళ్ళ మోచేతులకి ముక్కలు ముక్కలుగా వేసేశాడు. అందుకే కదా నాకు కొత్తది దొరికింది."

ఓరెస్ట్ గోడకు ఆనుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా వెతుకుతున్న వస్తువు, వెతకడం మొదలుపెట్టడానికి ముందే లేకుండా పోయింది.

"పాపం వాడు బతిమాలాడండీ," ఆర్సెనో తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "ఆ రాత్రి ఇద్దరం ఒకే గదిలో పడుకున్నాం. 'ఆ చిరిగిందే మా నాన్నకి కావాలి, అలాంటివంటే ఆయనకి ప్రాణం' అని ముసలాయన వెంట పడ్డాడట. గుడ్డ జట్టుదిరా, పేరు మాత్రం నీది, పట్టుకుపో అన్నాడట ఆయన. మీరు... మీరే వాళ్ళ నాన్నా?"

"ఆఁ, నేనే."

"అరెరే! అలా చెప్పరేం! బారన్ ఎలా ఉన్నాడు? ఏం చేస్తున్నాడిప్పుడు?"

నాదియా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. ఓరెస్ట్ ఆమె వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు. ఊరిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. సంతల్లో అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళ తర్వాత ఈ లోకంలో ఒక్కడికి, ఎక్కడో సముద్రం ఒడ్డున, కర్టిస్ బతికే ఉన్నాడు.

"బాగున్నాడు," అన్నాడు. "ఇక్కడే ఉంటాడు, ఊళ్ళోనే. ఎలివేటర్ దగ్గర నా పని వాడే చూసుకుంటున్నాడు."

"పెళ్ళయిందా?"

"అయింది. ఇద్దరు పిల్లలు. పెద్దదానికి అప్పుడే స్కేట్లు కొనిచ్చాడు. కాస్త ఒళ్ళు చేశాడు. ఆదివారాలు కుర్రాళ్ళతో ఆడుతుంటాడు, మోకాలు నొప్పని రాత్రంతా మూలుగుతుంటాడు."

"హహ! నేనూ అంతే! అడిగానని చెప్పండి. ఆర్సెనో అంటే గుర్తుపడతాడు."

"తప్పకుండా చెప్తాను, బాబూ. ఇంటికి రాగానే చెప్తాను."

ఫోన్ పెట్టేశాడు. అబద్ధం ఆడినందుకు నాదియా దులిపేస్తుందని తల వంచుకుని నిలబడ్డాడు. అవతలివాడి దగ్గర దాచిపెట్టింది చాలక, చచ్చిన బిడ్డను ఇలా నోటికొచ్చినట్టు ఆడిస్తావా అంటుందనుకున్నాడు. అన్నా పడేవాడే. ఆయన భుజాలు కదులుతున్నాయి, ఏడుపు ఆగడం లేదు.

నాదియా పిండి చేతులతోనే లేచి వచ్చి ఆయన పక్కన నిలబడింది. పక్కగదిలో ఎవరైనా వింటారేమో అన్నంత మెల్లగా అడిగింది.

"పిల్లలకి ఏం పేర్లు పెట్టాడు?"