ఇబ్రహీం భాయ్ వేసిన పూత

తాండూరులో కళ్లద్దాలకు పూత వేయడమంటే దుమ్ముతో రోజూ కొట్లాటే. ఊరి నిండా నాపరాయి కోసే మిషన్లాయె! మా గదికి కిటికీలు లేవు, తలుపుకు తడిదుప్పటి వేలాడుతుంది. ప్లాస్టిక్ అద్దాన్ని నేను కడిగి ఇస్తే, ఇబ్రహీం భాయ్ ట్యూబ్‌లైటుకు ఎత్తి చూసి, ఊపిరి బిగబట్టి పూతమందులో ముంచి మెల్లగా పైకి తీసేవాడు. గీతలు పడకుండా కాపాడేది ఆ పూతే. ఒక్క నలుసు కనబడ్డా "మళ్ల కడుగు" అనేవాడు. ఇరవై ఏళ్లు ఆ మాట విని లోలోపల తిట్టుకున్నాను.

పోయిన ఎండాకాలం నుంచి వెనక్కి పంపడం మానేశాడు. సంబరపడ్డాను, బుద్ధిలేనిదాన్ని. తీరా చూస్తే నలుసుందో లేదో బొటనవేలితో తడుముతున్నాడు! కడిగిన అద్దాన్ని ముట్టుకుంటారా ఎవరైనా? వేలిముద్ర మీద పూత పడి ఆరిందంటే చచ్చినా పోదు.

"భాయ్, నీకు కనబడ్తలేదా?" అని నిలదీశాను.

"నీటికాసులంట బిడ్డా. వికారాబాద్ డాక్టర్ చెప్పిండు. పోయిన చూపు మళ్ల రాదంట. రూపేష్ సేట్‌కు చెప్పకు. గీ పని తప్ప నాకేం రాదు."

చెప్పలేదు. ముద్రలు పడ్డవాటిని ఏరి పక్కన పడేసి, కడిగేటప్పుడు నేనే పాడుచేశానని సేటు చేత ఆరు నెలలు తిట్లు తిన్నాను. తర్వాత అమ్మకు జ్వరమని ధారూర్ వెళ్లి రెండు రోజులు ఆగిపోయాను. ఆ రెండు రోజులే కొంప ముంచాయి.

నేను వచ్చేసరికి దుకాణాల వాళ్లు తిప్పి పంపిన అద్దాలు బల్ల మీద ఉన్నాయి. ప్రతిదాని మీదా ఒకటే బొటనవేలు.

"ఎవరి పనిది?" అన్నాడు సేటు.

తల వంచుకుని, కడగాల్సిన అద్దాలు అందుకున్నాను. ఇన్నాళ్లు దాచినందుకు నా కూలీ కూడా పోతుందని భయపడ్డాను, సిగ్గులేని బతుకు.

"నాదే సేట్," అన్నాడు ఇబ్రహీం భాయ్. "రజినికి ఏం తెల్వదు."

దుప్పటి ఎక్కడుందో గోడ తడుముకుంటూ వెతికి, బయటికి పోయాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాల్సిన నేను అద్దాలు కడుగుతూ ఉండిపోయాను.

నా కళ్లజోడుకు పూత వేసిందీ ఆయనే, ఈ మధ్యనే. కుడి అద్దంలో ఆయన వేలిముద్ర ఉంది. నిన్న సేటు చూశాడు.

"గదేంది, మరక? తీసెయ్, కొత్త అద్దం ఉట్టిగనే ఇస్త."

"వద్దు సేట్. మంచిగనే కనబడ్తది," అన్నాను.

అబద్ధం. ఆ మూల అంతా నాకు మసకే.