నాది కాని పొట్టి రివాల్వర్

విండ్సర్‌లో నేను చేరిన షూటింగ్ క్లబ్బు ఊరి బయట, టమాటా గ్రీన్‌హౌస్‌లు దాటాక, మొక్కజొన్న చేల మధ్య ఉంటుంది. మొదటిసారి అక్కడికి మా ఆఫీసులో ఒకావిడ తీసుకెళ్ళింది. ఆడవాళ్ళ కోసం పెట్టిన పరిచయ కార్యక్రమం అది. వచ్చినవాళ్ళలో అంతకుముందు తుపాకి పట్టింది నేనొక్కదాన్నే. కడపలో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్.సి.సి.లో ఉండేదాన్ని. క్యాంపులో జంపఖానా మీద బోర్లా పడుకోబెట్టి రైఫిల్ చేతికిచ్చేవాళ్ళు. ఊపిరి బిగబట్టమని వెనకనుంచి హవల్దారు హిందీలో కేకలు వేసేవాడు. మిగతా అమ్మాయిలు ఆ కేకలకే సగం బెదిరిపోయేవారు. నాకు మాత్రం ఆ ఒక్క క్షణం ప్రపంచమంతా నోరు మూసుకున్నట్టు హాయిగా ఉండేది. ఇన్నేళ్ళ తర్వాత, కెనడాలో, చెవులకు చప్పుడు ఆపే మూతలు పెట్టుకుని నిలబడితే ఆ హాయి మళ్ళీ దొరికింది.

అప్పటికి నాకు విడాకులయ్యాయి. కాపురం చేసింది విండ్సర్‌ను ఆనుకుని పారే నదికి అవతల, అమెరికాలోని మిషిగన్‌లో. అది ముగిశాక ఉద్యోగం ఇవతల ఒడ్డున దొరికింది, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో టెస్టింగ్ సాఫ్ట్‌వేర్ పని. అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూస్తే నేను వదిలేసి వచ్చిన ఊరి దీపాలు కనిపించేవి. చేతి తుపాకి లైసెన్సుకు అప్లై చేసేటప్పుడు, నన్ను చాలాకాలంగా ఎరిగినవాళ్ళు ఇద్దరి పేర్లు ఇమ్మన్నారు. ఒకటి మా మేనేజరు పేరు ఇచ్చాను. రెండో పేరు కోసం ఫోన్‌లో కాంటాక్టులన్నీ పైనుంచి కిందికి చూసుకుని, చివరికి మా ఇంటి ఓనరును అడిగాను. ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూసి, అద్దె ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు కదా అని ఒప్పుకున్నాడు.

ప్రభుత్వం చేతి తుపాకుల అమ్మకాలు ఆపేయకముందే నేనొక రివాల్వర్ కొనుక్కున్నాను. చట్టం ఒప్పుకునే పొడవు బారెల్ ఉన్నది. దానితో శనివారం పొద్దున్నే క్లబ్బులో కాల్చే రేంజికి వెళ్ళేదాన్ని. ఒక శనివారం పక్క బెంచీ దగ్గరికి ఒక తెల్లజాతి పెద్దాయన వచ్చారు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషని తర్వాత తెలిసింది. అప్పటినుంచి మనసులో ఆయన్ని మేష్టారనే అనుకునేదాన్ని. ఆయన తాళం తీసి పెట్టెలోంచి బయటపెట్టినదాన్ని చూసి మొదట బొమ్మ అనుకున్నాను. అరచేతిలో ఇమిడిపోయే రివాల్వర్. బారెల్ రెండంగుళాలు కూడా ఉండదు. ఎవరో ముక్కు కోసేసినట్టుంది. నాదాన్లో ఆరు గుళ్ళు పడితే దాన్లో అయిదే.

నేను చూస్తూండడం ఆయన గమనించారు. అంత పొట్టి బారెల్ ఉన్నవి ఈ దేశంలో ఇప్పుడు ఎవరూ కొనడానికి లేదని, చట్టం వచ్చేనాటికే దగ్గరున్నవాళ్ళు మాత్రం తమ కాలం వరకూ ఉంచుకోవచ్చని చెప్పారు. ఇంకొకరికి ఇవ్వడానికి లేదు, అమ్మడానికి లేదు. అయితే యజమాని పక్కనే నిలబడి చూస్తూంటే మరొకరు కాల్చవచ్చు.

"కాలుస్తావా?" అన్నారు.

చిటికెన వేలు పట్టుకోవడానికి పిడి మీద చోటే లేదు. గాల్లో వేలాడింది. ట్రిగ్గర్ ఎంత లాగినా ఇంకా వస్తూనే ఉంది. పేలినప్పుడు బొటనవేలి మొదట్లో ఎవరో రూళ్ళకర్రతో కొట్టినట్టయింది. టార్గెట్ ఏడు గజాల దూరంలోనే ఉంది. అయిదింటిలో రెండే కాగితానికి తగిలాయి, అవీ అంచున. మేష్టారు నవ్వలేదు. తన భార్య చిన్న చేతికి సరిపోతుందని ఎప్పుడో కుర్రతనంలో దాన్ని కొన్నానని, ఆవిడ ఒకసారి కాల్చి, చెయ్యి దులుపుకుని, ఇక నువ్వే ఆడుకో అని తిరిగి ఇచ్చేసిందని చెప్పారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

అలా మొదలైంది. నా పెద్ద రివాల్వర్ పని ముందు కానిచ్చేసి, తర్వాత ఆ పొట్టిదాని దగ్గరికి వచ్చేదాన్ని. పొడవు బారెల్ మనిషి తప్పుల్ని కొంత కప్పిపుచ్చుతుంది. పొట్టిది ఏదీ దాచదు. చెయ్యి వెంట్రుకవాసి కదిలినా గుండు ఎటో పోతుంది. మేష్టారు ఎక్కువ చెప్పేవారు కాదు. గట్టిగా పట్టుకో అనేవారు. ట్రిగ్గర్ లాగడం మొదలుపెట్టాక ఆగొద్దు అనేవారు. గుళ్ళు అయిపోయాక ఖాళీ తొడుగుల్ని బయటికి తోసే పుల్ల కూడా పొట్టిదే కావడంతో, అవి సగం దాకా వచ్చి ఇరుక్కుపోయేవి. గోటితో ఒక్కొక్కటే లాగేదాన్ని. వేళ్ళు మసి అయ్యేవి. చలికాలం వచ్చేసరికి అయిదూ ఒక అరచేతి వెడల్పులో పడడం మొదలైంది. ఆ కాగితాన్ని మేష్టారు మడిచి తన కోటు జేబులో పెట్టుకున్నారు.

కాల్చడం అయ్యాక ఆయన ఫ్లాస్కులోంచి కాఫీ పోసేవారు. పాలు లేని, చేదు కాఫీ. మా మాటలన్నీ ఆ వస్తువు చుట్టూనే. ఏ గుళ్ళు మెత్తగా తంతాయి, పిడికి రబ్బరు వేయిస్తే ఎలా ఉంటుంది, ఈ ఎండలో బారెల్ చివరనున్న గురిముల్లు సరిగ్గా కనిపిస్తోందా. ఆయన ఇల్లెక్కడో నాకు తెలియదు. నా ఇంట్లో ఎవరున్నారో ఆయన అడగలేదు. అడగకపోవడమే నాకు నచ్చింది.

మా తెలుగువాళ్ళలో ఈ సంగతి దాచాలని నేనేమీ అనుకోలేదు. ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో వీకెండ్ ఏం చేస్తారని ఎవరో అడిగితే చెప్పేశాను. రెండు మూడు రోజులకు ఫోన్ వచ్చింది. చేసినావిడ మా బిల్డింగులోనే ఉంటుంది. వాళ్ళ పిల్లలిద్దరూ బుధవారాలు సాయంత్రం నా దగ్గర లెక్కలు నేర్చుకునేవాళ్ళు.

"అక్కా, ఏమనుకోకండి. మీ ఇంట్లో గన్ ఉందంట కదా?"

ఉందన్నాను. సేఫ్‌లో, ట్రిగ్గర్‌కు తాళం వేసి, గుళ్ళు వేరేచోట పెట్టి ఉన్నాయన్నాను.

"తెలుసక్కా, మీరు కేర్‌ఫుల్‌గానే పెట్టుంటారు. మా ఆయనే టెన్షన్ పడుతున్నారు. పిల్లల్ని కొన్నాళ్ళు ఆన్‌లైన్ ట్యూషన్‌లో జాయిన్ చేద్దామంటున్నారు." గొంతు తగ్గించింది. "ఒక్కరే ఉంటారు కదా. మీరు బానే ఉన్నారా అక్కా?"

ఆమె ఎందుకు అడుగుతోందో నాకు అర్థమైంది. మంచితనంతోనే అడిగింది. బానే ఉన్నానన్నాను. అది అబద్ధం కాదు. చేతిలో ఆ బరువు ఉన్నంతసేపూ నా తలలో ఇంకేమీ ఉండదనీ, నేను అక్కడికి వెళ్ళేది అందుకేననీ ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. తర్వాతి బుధవారం కూడా అలవాటుకొద్దీ మురుకుల డబ్బా తీసి బల్లమీద పెట్టాను. పిల్లలు ఉంటే "ఆంటీ, వన్ మోర్ ప్లీజ్" అంటూ పెన్సిళ్ళు పట్టుకునే తినేవాళ్ళు. ఆ రోజు లిఫ్టు మా అంతస్తులో ఆగిన ప్రతిసారీ తలెత్తి చూశాను.

ఆ శనివారం మేష్టారికి చెప్పాను. భార్య సంగతి చెప్పిన ఆ మొదటి రోజు తర్వాత ఆయన సొంత విషయాలు మాట్లాడడం మళ్ళీ అప్పుడే విన్నాను. ఆయన మరదలు ఇదే కారణానికి వాళ్ళ ఇంటి గడప తొక్కడం మానేసిందట. భార్య పోయినప్పుడు శ్మశానానికి వచ్చి, అటునుంచి అటే వెళ్ళిపోయిందట. అది చెప్పి, ఇక కాల్చుదాం పద అన్నారు.

తర్వాతి ఏడాది ఆయన చేతులు వణకడం మొదలైంది. మొదట గుళ్ళు ఎక్కించేటప్పుడు కింద పడిపోయేవి. నేను ఏరి ఇచ్చేదాన్ని. తర్వాత ఆ బరువైన ట్రిగ్గర్‌ను వేలు చివరిదాకా లాగలేకపోయింది. అయినా ప్రతి శనివారం పెట్టె పట్టుకుని వచ్చేవారు. నేను కాల్చేదాన్ని, ఆయన నా కుడి భుజం వెనక నిలబడి చూసేవారు. ఆయన పక్కన లేకపోతే నేను దాన్ని ముట్టుకోవడానికి లేదు. నేను లేకపోతే దాన్ని పేల్చేవాళ్ళు లేరు. క్లబ్బులో ఎవరో మమ్మల్ని చూసి, తండ్రీ కూతుళ్ళా అని అడిగారట. మా రంగులు చూసీ అలా అడిగారని మేష్టారు చాలాసేపు నవ్వుకున్నారు.

ఆకులు రాలే రోజుల్లో ఒకసారి, కాఫీ పోస్తూ, లండన్‌కు మారిపోతున్నానన్నారు. ఇంగ్లండులోది కాదు, కెనడాలోనే ఆ పేరుతో ఉన్న ఊరు. అక్కడ ఆయన మేనకోడలు ఆస్పత్రిలో పనిచేస్తుంది. ఆమె ఇంటికి దగ్గర్లో వృద్ధులుండే చోట గది దొరికింది. అక్కడికి తుపాకి తీసుకెళ్ళడం కుదరదు.

"మరి దీన్నేం చేస్తారు?"

"పోలీసులకు ఫోన్ చేశాను. బుధవారం వచ్చి తీసుకుపోతారు."

ఆయన నదివైపు, అంటే మొక్కజొన్న మోళ్ళ మీదుగా ఉత్తరం దిక్కుగా, చెయ్యి చూపించారు.

"మనం ఆ ఒడ్డున ఉండుంటే దీన్ని గుడ్డలో చుట్టి నీ చేతిలో పెట్టేవాణ్ణి. ఇక్కడ నువ్వు నాకేమీ కావు."

చట్టం సంగతే అన్నారు. అయినా ఆ మాట ఇద్దరికీ తగిలింది. ఆయన కప్పు కింద పెట్టి, నన్ను మళ్ళీ బెంచీ దగ్గరికి రమ్మన్నారు. పెట్టెలో మిగిలిన గుళ్ళన్నీ కాల్పించారు. చివరి గుండు తనకు ఉంచమన్నారు. రెండు చేతులతో పట్టుకుని, ట్రిగ్గర్ తేలికవ్వడానికి రివాల్వర్ సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి, చాలాసేపు గురి చూశారు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. పేలింది. ఎక్కడ తగిలిందో చూడ్డానికి మేమిద్దరం వెళ్ళలేదు.

బుధవారం ఆఫీసుకు సెలవు పెట్టాను. ఆయన ఇంట్లోకి అడుగుపెట్టడం అదే మొదలు. సగం సామాను అట్టపెట్టెల్లో ఉంది. వచ్చిన పోలీసు అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. బూట్లు విప్పనా అని అడిగింది. గుళ్ళు పెట్టే సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందని చూసుకుంది. మీరు కూతురా అని నన్నడిగితే నేను నోరు తెరిచేలోపే మేష్టారు, "కలిసి కాలుస్తాం," అన్నారు. ఆమె తలూపి సంతకం పెట్టించుకుంది. కారు మలుపు తిరిగేదాకా ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు. తర్వాత ఇద్దరం కలిసి వంటింటి గిన్నెలు కాగితాల్లో చుట్టి పెట్టెల్లో సర్దాం.

ఆ తర్వాత నా రివాల్వర్‌తో ఒక్కదాన్నే వెళ్ళాను కొన్ని శనివారాలు. గుళ్ళన్నీ చక్కగా మధ్యలో పడుతున్నాయి. కాగితం దగ్గరికి రప్పించుకుని చూసుకుని, పక్కకి తిరిగేదాన్ని. వారం వారం వెళ్ళేది పోయి, నెలకోసారయింది.

లండన్‌కు ఒక ఆదివారం వెళ్ళాను. హైవే మీద రెండు గంటలు. మేష్టారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు, చిక్కిపోయారు. నన్ను చూసి సంతోషించారు. రోడ్డు ఎలా ఉందని, ఉద్యోగం ఎలా ఉందని అడిగారు. నేను భోజనం బావుంటుందా అని అడిగాను. అంతే, మాటలైపోయాయి. మా మధ్య బల్ల మీద ఏమీ లేదు. ఇద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. ఇంత దూరం ఎందుకు వచ్చానా అనిపించింది, ఆయనకూ అలాగే అనిపించి ఉంటుంది. లేచిపోదామనుకునేసరికి ఆయన టీవీ పెట్టారు. మంచుగడ్డ మీద బరువైన రాళ్ళను జార్చి, వాటి ముందు చీపుళ్ళతో ఊడ్చే ఆట ఏదో వస్తోంది. ఎందుకు ఊడుస్తున్నారని అడిగాను. చెప్పారు. ఎవరు గెలుస్తున్నారని అడిగాను. అదీ చెప్పారు. నర్సు వచ్చి మందులిచ్చి వెళ్ళింది. మేష్టారు వణికే వేలితో తెర మీద గీతలు గీసి చూపిస్తూనే ఉన్నారు. ఆట ముగిసేసరికి బయట చీకటి పడింది.

నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదని చెప్పాను. వచ్చే ఆదివారం వస్తే మొదటినుంచి చెప్తానన్నారు.

వెళ్ళాను. ఇప్పటికీ వెళ్తున్నాను. ప్రతివారం కాదు, రోడ్డు బావున్నప్పుడు.