చెప్పకూడని వాన

యుద్ధం సాగుతున్న రోజుల్లో పత్రికలు వానల సంగతి రాయడం మానేశాయి. గాలి ఎటు వీస్తోందో, సముద్రం మీద మబ్బు ఎక్కడుందో శత్రువుకు తెలియకూడదట. ఊళ్లో ఎవరికీ అది లోటుగా అనిపించలేదు. మా నాయనకు మాత్రం పొద్దున్నే తాగే కాఫీ మానమన్నట్టయింది.

నాయన కచేరీలో గుమాస్తాగా ఉన్నప్పుడు అక్కడి ఆవరణలో ఉండే వానకొలత డబ్బాను ఆయనే చూసుకునేవాడు. రోజూ పొద్దున ఎనిమిదింటికి వెళ్లి, డబ్బాలో పడిన నీటిని గాజు గొట్టంలో పోసి, కొలిచి రాసిపెట్టడం పని. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా ఆ ధ్యాస ఆయన్ను వదల్లేదు. మద్రాసులో పాత సామాన్ల అంగట్లో ఒక బారోమీటరు కొనుక్కొచ్చి తిరుపతిలో మా ఇంటి నడవ గోడకు తగిలించాడు. గోడగడియారంలా గుండ్రంగా ఉండేది. గాలి బరువు తగ్గితే ముల్లు ఎడమకు జరిగేది. ముల్లు ఎడమకు జరిగిందంటే ఎక్కడో వాన లేస్తోందని అర్థం.

ఆయనకు సరిజోడు నాయుడుపేటలో ఒకాయన ఉండేవాడు. రైళ్ల దగ్గర తంతి పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. తూర్పు నుంచి వచ్చే వాన ముందు ఆయన్ను తాకి, ఆ తర్వాత మా దగ్గరకు వస్తుంది. అందుకని ఇద్దరూ రోజుకొక కార్డు రాసుకునేవాళ్లు. గాలి దిక్కు, ముల్లు అంకె, మబ్బు రంగు, అంతే. ఇంట్లో అందరూ కులాసా అనే మాట కూడా ఉండేది కాదు. నాయుడుపేట ఆయనకు ఇంకో అలవాటుండేది. పొద్దున్నే స్టేషనుకు పోయి, తడ వైపు నుంచి వచ్చే బండి పైకప్పు తడిసిందా లేదా చూసి రాసేవాడు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆడపిల్లల బడిలో పంతులమ్మగా ఉన్నాను. నాయన కళ్లకు పొర కమ్మిన తర్వాత ముల్లు చూసి చెప్పడం, కార్డులు చదవడం, జవాబు రాయడం నా పని అయింది. మొదట్లో విసుక్కునేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆ పిచ్చి నాకూ అంటుకుంది. బడికి పోతూ మబ్బుల్ని చూస్తూ నడిచి ఒకసారి జట్కాకు అడ్డం పోయాను. బండివాడు తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ ఏడు వానలు ఆలస్యంగా పడ్డాయి. నాట్లు ఆలస్యమై, కోతలు పుష్యమాసం దాకా సాగాయి. ఏర్పేడు పక్క పల్లెలో మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, వరి కోయించి పనలు ఆరడానికి మడిలోనే పరిచి ఉంచాడు. నాలుగు రోజులు ఎండితే కళ్ళానికి చేర్చి కొట్టించాలని ఆయన ఆలోచన. ఆ నెలలో వాన పడుతుందని ఎవరూ అనుకోరు. మంచు పడుతుంది, చలి కొరుకుతుంది, అంతే.

ఆదివారం వచ్చిన కార్డులో నాయుడుపేట ఆయన గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు మళ్లిందని రాశాడు. మా ముల్లు కూడా వెంట్రుకవాసి జరిగింది. సోమవారం ఇంకాస్త జరిగింది. ఆ రోజు కార్డు రాలేదు. మంగళవారమూ రాలేదు.

"పెద్ద వాన కాదమ్మీ ఇది. సన్న జల్లు. అయినా ఎండ లేకుండా చేస్తాది. మీ మామ పనలన్నీ మడిలో ఉండాయే," అన్నాడు నాయన. గంటకొకసారి నన్ను పిలిచి ముల్లు చూడమనేవాడు. అద్దం మీద వేలితో చిన్నగా తట్టి చూసేదాన్ని. తట్టిన ప్రతిసారీ ఎడమకే జరిగేది.

"ఆయన కార్డు వస్తే గదా తెలిసేది. ఉత్త ముల్లును నమ్ముకొని కూలోళ్లను పెట్టమని చెబుతామా?" అన్నాను నేను.

"ఆయనకు ఒళ్లు బాగలేదేమో," అంది అమ్మ వంటింట్లో నుంచి. ఆ మాటతో నాయన ముఖం వాడిపోయింది.

బుధవారం పొద్దున పది గంటలకు పోలీసు జవాను వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నాయనను స్టేషనుకు రమ్మన్నారట. ఎందుకో ఆ జవానుకూ తెలియదు. నాయన కండువా వేసుకుని కర్ర అందుకున్నాడు. దారి కనబడదు కాబట్టి నేను చెయ్యి పట్టుకుని వెంట వెళ్లాను. వీధిలో వాళ్లంతా అరుగుల మీద నిలబడి చూశారు.

సబ్ ఇన్‌స్పెక్టరు బల్ల మీద మూడు కార్డులు పరిచి పెట్టాడు. అన్నీ నాయుడుపేట కార్డులే. మాకు రావలసినవి.

"ఏమయ్యా పెద్దాయనా, ఈ అంకెలేంది? ఈ దిక్కులేంది? ఎవరికి చేరేస్తా ఉండారు ఇవి?"

"ఎవరికీ లేదయ్యా. మాకు మేమే రాసుకుంటాము. అది గాలి బరువు," అన్నాడు నాయన.

"గాలికి బరువేంది? నాతో పరాచికాలా?"

నేను కలగజేసుకుని బారోమీటరు సంగతి చెప్పాను. నడవలో వేలాడుతూ ఉంది, మనిషిని పంపి చూడమన్నాను. ఆయన నా వైపు కాసేపు చూసి, పంతులమ్మవా అని అడిగాడు. అవునన్నాను. చదువుకున్న ఆడపిల్లవు, యుద్ధం రోజుల్లో ఇట్లాంటివి రాయకూడదని తెలియదా అన్నాడు. నిజంగానే నాకు తెలియదు. పత్రికలు రాయకూడదంటే మేమూ రాయకూడదని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మాట్లాడుతూనే నా కళ్లు బల్ల మీది ఆఖరి కార్డు మీద పడ్డాయి. తలకిందులుగా ఉన్నా ఆయన చేతిరాత నాకు బాగా అలవాటు. "ఈ పొద్దు తడ బండి పైకప్పు తడిసి వచ్చింది. ఇక్కడ మబ్బు కమ్మింది. గాలి తూర్పు." మంగళవారం రాసిన కార్డు అది. వంగి నాయన చెవిలో చెప్పాను.

నాయన వెంటనే చేతులు జోడించాడు. "అయ్యా, నన్ను ఎంతసేపైనా ఈడ కూర్చోబెట్టు. నా బామ్మర్ది వరి మడిలో ఉండాది. ఈ పిల్లను పోనియ్. రేపటికంతా వాన ఏర్పేడుకు వస్తాది."

సబ్ ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండ ఫెళఫెళమని కాస్తోంది. ఆయనకు నవ్వొచ్చింది.

"సరే పోనీ. వాన రానీ, సూస్తాము. వస్తే మీరు చెప్పేది నిజమని నమ్ముతా. రాకపోతే ఈ అంకెలు వేరే దేనికో అనుకోవాల్సి వస్తాది." తర్వాత నాకేసి వేలు చూపించి అన్నాడు, "మీ మామకు తప్ప ఇంకెవురికీ ఈ వాన మాట చెప్పొద్దు. చెప్పినావని తెలిస్తే మీ నాయన ఇల్లు చేరడు."

మధ్యాహ్నం బండెక్కి రేణిగుంటలో మారి ఏర్పేడులో దిగాను. దిగేసరికి గూడూరు వైపు నుంచి వచ్చిన బండి పక్క పట్టాల మీద ఆగి ఉంది. పరుగున పోయి దాని పైకప్పు చూశాను. ఎర్రటి దుమ్ము, పొడిపొడిగా. ఒక్క తడి మరక లేదు. పల్లెకు నడిచిన రెండు మైళ్లూ ఆకాశం వైపే చూశాను. తూర్పున పల్చటి తెల్లమబ్బు తప్ప ఏమీ లేదు. వాన రాకపోతే నాయన గతి ఏమిటి? వస్తే, దారి పొడుగునా మళ్లలో పరిచిన ఈ వరి గతి ఏమిటి? రావాలని మొక్కుకోవడానికీ నోరు రాలేదు, వద్దని మొక్కుకోవడానికీ రాలేదు.

మామ మడి గట్టు మీద ఉన్నాడు. ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఆయన ముందు పోలీసుల సంగతికి భయపడ్డాడు. తర్వాత ఆకాశం చూశాడు.

"ఇంత ఎండ కాస్తా ఉండాది గదమ్మా. బండ్లేమన్నా తడిసి వచ్చినాయా?"

"తడ బండి తడిసి వచ్చిందంట మామా," అన్నాను. గూడూరు బండి పొడిగా ఉందని మాత్రం చెప్పలేదు. చెబితే ఆయన పనికి దిగడని భయపడ్డాను.

మామ తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. పక్క చేలో కలుపు తీస్తున్న ఐదారుగురిని కేకేసి పిలిచాడు. అత్త, నేను, ఆయన, కూలివాళ్లు అందరం కలిసి పనలు కట్టలు కట్టి కళ్ళం దగ్గరికి మోశాం. నాకు అలవాటు లేని పని. గడ్డి కోసుకుని ముంజేతులు మండాయి. పొద్దుగూకే లోపల కుప్ప వేసి పైన తాటాకులు కప్పాం.

మామ మడికి ఆనుకుని ఒక అవ్వ మడి ఉంది. భర్త పోయాక ఒంటరిగా సేద్యం చేసుకునే మనిషి. ఆమె వరి కూడా కోసి పరిచి ఉంది. గట్టు మీద నడుముకు చెయ్యి ఆనించుకుని మమ్మల్ని చూస్తూ అడిగింది.

"ఏందమ్మీ ఇంత తొందర? ఇంకా ఆరనే లేదు గదా. వాన ఏమన్నా వస్తాదా ఏంది?"

మామ నా వైపు చూశాడు. నాకు బల్ల వెనక కూర్చున్న మనిషి వేలు కళ్ల ముందు మెదిలింది.

"ఏం లేదవ్వా. మామకు ఊరికి పోయే పని ఉండాది, అందుకని," అన్నాను.

"అట్లనా," అని ఆమె వెళ్లిపోయింది.

మరుసటి రోజు తెల్లవారుతుండగా అత్త నన్ను తట్టి లేపింది. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. గట్టి వాన కాదు. రాత్రి ఎప్పుడు మొదలైందో, సన్న జల్లు, నేల మీద చప్పుడు కూడా లేదు. మనసులోని బరువు ఒక్కసారి దిగిపోయింది. నాయన ఇల్లు చేరతాడు. ఆ సంతోషం కళ్ళం దాకా నడిచేంతవరకే ఉంది. అవ్వ తన మడిలో వంగి, తడుస్తున్న పనల్ని ఒక్కొక్కటీ ఎత్తి గట్టు మీదికి మోస్తోంది. నేనూ దిగి మోశాను. మామా వచ్చాడు. కానీ అప్పటికే సగానికి పైగా నానింది.

"మీ మామకు దేవుడే చెప్పినట్టుండాడు," అంది అవ్వ తడి ముఖం తుడుచుకుంటూ. నేను తల వంచుకుని ఇంకో కట్ట ఎత్తుకున్నాను.

మధ్యాహ్నం తిరుపతి చేరేసరికి అక్కడా జల్లు పడుతోంది. నాయన ఇంట్లోనే ఉన్నాడు. ముందు రోజు రాత్రి స్టేషను బెంచీ మీదే పడుకోబెట్టి, వాన మొదలయ్యాక పంపించేశారట. సబ్ ఇన్‌స్పెక్టరు వాకిట్లోకి వచ్చి చెయ్యి బయట పెట్టి చూసి, "పో పెద్దాయనా, ఇంక కార్డులు రాయొద్దు" అన్నాడట. నాయుడుపేట ఆయన్నూ పిలిచి అలాగే చెప్పి వదిలేశారని తర్వాత తెలిసింది. యుద్ధం అయ్యేదాకా ఇద్దరూ రాసుకోలేదు.

నాయనకు అవ్వ సంగతి చెప్పాను. ఆయన అన్నాడు, "నువ్వు నా కోసమే చెప్పకుండా ఉండినావు. ఆ తప్పు నాదే లే." మామ ఏటా మాకు పంపే వడ్లలో రెండు బస్తాలు అవ్వకు ఇమ్మని నాయన కబురు చేశాడు. ఆ జల్లు మూడు రోజులు విడవకుండా పడి, ఆమె వరి చాలావరకు మొలకెత్తిందని విన్నాం. మామ ఆ బస్తాలు ఇస్తే ఎందుకని అడిగిందట. పక్క మడి వాళ్లం గదా అని చెప్పాడట.

మరుసటి ఏడు కోతలప్పుడు ఏర్పేడు వెళ్లి ఆమె ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆమె ఎదుట కూర్చుని అంతా చెప్పేశాను. పోలీసులు, కార్డులు, పొడిగా ఉన్న బండి, నేను ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. ఆమె గింజలు తీయడం ఆపలేదు.

"చెప్పింటే నమ్ముదునో లేదో, ఎవురికి తెలుసు. మీ నాయనను లోపలేసి ఉంటే నేను నీ మొగం సూడగలనా," అంది. కాసేపటికి చెయ్యి తుడుచుకుని తూర్పు వైపు చూపించింది. "ఈ తూరి చెప్పు మరి. ఈ పొద్దు కోయిస్తా ఉండా. వాన వస్తాదా?"

నా దగ్గర ముల్లు లేదు, కార్డు లేదు. గాలి ఉత్తరం నుంచి వీస్తోంది, మబ్బు లేదు. "నాలుగు రోజులు రాదవ్వా," అన్నాను.

ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. తిరుపతిలో బడి నుంచి వచ్చీ రాగానే ముల్లు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఐదో రోజు మామ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అవ్వ వడ్లు ఎండి ఇల్లు చేరాయని రాశాడు.