మా ఊరి మొక్కలకు నేను పెట్టిన పేర్లు

మొన్న ఆదివారం మా ఊళ్లో నేను తప్ప అందరూ నవ్వారు. ఎందుకో నేనే చెబుతాను. వేరేవాళ్లయితే ఇంకో రెండు కలిపి చెబుతారు.

మా అక్క కూతురు హేమ తిరుపతిలో ఎమ్మెస్సీ బాటనీ చదువుతోంది. ఐరాల పక్కన మా ఊరి పొలాల గట్ల మీది చిన్న చిన్న పూలమొక్కలు పీకి, పాత పేపర్లలో ఒత్తి ఎండబెట్టి, తెల్ల అట్టలకు దారంతో కుట్టి రికార్డు తయారుచేసింది. ఒక్కో అట్ట కింద ఒక చీటీ. తేదీ, చోటు, పువ్వు రంగు, ఊళ్లో పిలిచే పేరు.

"మామా, దీన్ని మీరేమంటారు?" అని అడిగింది.

గట్టు మీది గడ్డిని నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. అలాగని తెలియదని చెప్పే అలవాటూ లేదు. ఒకదాని గింజలు పంచెకు పట్టుకుంటే ఊడిరావు. మా ఎదురింటామెను తలుచుకుని "మునెమ్మ పలకరింపు" అన్నాను. ముట్టుకోగానే ముడుచుకునేదానికి "రెడ్డప్ప పౌరుషం" అన్నాను. రెడ్డప్ప పక్క పొలమాయన. నీలం పువ్వొకటి పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికే మూసుకుంటుంది. అది మా టైలర్ పేరు మీద "ఖాదర్ అంగడి". పిల్ల భక్తిగా పెన్సిల్‌తో రాసుకుని పోయింది.

శనివారం ఫోన్ చేసింది. "మామా, రేపు మా సారు వస్తా ఉండారు. ఒక్కో పేరూ ఊళ్లో ముగ్గురు చెప్పల్లంట. లేకుంటే రికార్డు తీసుకోరు, నన్ను పరీక్షకు కూర్చోనియ్యరు."

వెంటనే చెప్పులేసుకున్నాను. మునెమ్మ ఇంటికి పోయి, ఫలానా మొక్కకు నీ పేరే ఉందని రేపు సారుకు చెప్పమని అడిగాను. అలాంటి మాట ఎలా అడగాలో ఎవరూ నేర్పరు.

"ఎవురు పెట్టినారప్పా గంగాధరం ఆ పేరు?"

"పెద్దోళ్లు."

"ఏ పెద్దోళ్లు? ఎత్తు నీ అంతుంటాడా?"

నేను పోయేలోపే రెడ్డప్పకూ ఖాదర్‌కూ కబురు చేరిపోయింది.

ఆదివారం సారు మా అరుగు మీద అట్టలు పరిచారు. ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. హేమ గోళ్లు కొరుకుతోంది.

"ఇది ఉత్తరేణి సార్. వినాయక చవితికి పూజలో పెడతాము," అంది మునెమ్మ.

"అత్తిపత్తి," అన్నాడు రెడ్డప్ప.

"విష్ణుక్రాంతం. జ్వరమొస్తే మా నాయన కషాయం కాచేవాడు," అన్నాడు ఖాదర్.

ఒకరు చెబితే మిగతా ఇద్దరూ అవునన్నారు. సారు చీటీల్లో నా పేర్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. పెన్సిల్ రాతే కదా అని చెరిపించి, అసలు పేర్లు ఇంకుతో రాయించారు. పిల్ల గట్టెక్కిందని ఊపిరి వదిలాను. తొందరపడ్డాను.

చివరి అట్ట మీద పొట్టి మొక్క, నలకంత పువ్వు. దానికి చీటీలో పేరు లేదు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మేకలు గూడా ముట్టవు సార్," అన్నాడు రెడ్డప్ప. "పిలవకపోయినా అన్ని చోట్లా మొలుస్తాది."

"పేరేమిటి?"

"గంగాధరం చెట్టు," అంది మునెమ్మ, నా వైపు చూడకుండా.

ఖాదర్ తలూపాడు. "ఈడ చిన్నపిల్లోణ్ణి అడిగినా చెప్తాడు సార్," అన్నాడు రెడ్డప్ప.

సారు నా వైపు తిరిగారు. "మీరేమంటారండీ దీన్ని?"

కాదంటే వీళ్లు అబద్ధాలకోర్లని తేలుతుంది. మిగతా పేర్లూ పోతాయి, పిల్ల పరీక్షా పోతుంది.

"అదే సార్," అన్నాను.

హేమ తల ఎత్తకుండా నల్ల ఇంకుతో రాసింది. సారు కింద సంతకం పెట్టి, "మిగతా వాటికి ముగ్గురే. దీనికి నలుగురు చెప్పారు," అని మెచ్చుకున్నారు.