బాపు బదులు నేను చెప్పిన ‘అవును’

శామీర్‌పేట చెరువులో మా ప్రార్థన మందిరం వాళ్లు బాప్తిస్మాలు ఇచ్చే రోజు నేను ఏదో ఒక పని పెట్టుకుని మేడ్చల్‌లోనే ఉండిపోతాను. కంపెనీలో ఓటీ ఉందంటాను. అసలు సంగతి మా ఆవిడకు తెలుసు, అడగదు. నీళ్లలో నిలబడ్డ మనిషిని పాస్టరు గారు “నమ్ముతున్నావా” అని అడిగితే, జవాబు నాకు మా బాపు గొంతుతోనే వినిపిస్తుంది. ఎవరు నిలబడినా అంతే.

బాపు ఆ చెరువు మీదే బతికాడు. థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని, చిన్న చెక్కతో నీళ్లు తోసుకుంటూ పోయి వల వేసేవాడు. మా ఇంట్లో మొక్కింది పోచమ్మకు, ఎల్లమ్మకు. నేను ఫ్యాక్టరీలో చేరాక, తోటి పనివాడి వెంట ప్రార్థనకు వెళ్లి విశ్వాసినయ్యాను. బాపు తిట్టలేదు. కొన్నాళ్లకు మా ఊళ్లోనే ఒక రేకుల షెడ్డులో ప్రార్థనలు మొదలయ్యాయి. ఒక ఆదివారం చూస్తే ఆయన బయట, చెప్పుల పక్కన కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే “ఈడ గాలొస్తాంది” అన్నాడు. వాక్యం చెప్తుంటే ఎవరైనా కునుకు తీస్తే పక్కవాళ్లకు సైగ చేసి నవ్వేవాడు. అయినా ప్రతి వారం వచ్చేవాడు. నెలలు గడిచేకొద్దీ చెప్పుల పక్క నుంచి గడప మీదకు జరిగాడు. ఆయన్ను ఎవరూ పిలవలేదు. పిలవకుండానే అంత దూరం వచ్చాడన్నది నాకు అప్పుడు కనిపించలేదు. గడప దాటలేదన్నదే కనిపించింది.

ఆ వానాకాలం దగ్గు ఎక్కువైతే మేడ్చల్‌లో ఎక్స్‌రే తీయించాను. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయని, ఎక్కువ రోజులు ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. తిరుగు బస్సులో బాపు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఆయన ముఖం చూస్తూ నేను దేవుడికి గడువు పెట్టాను. ఈ వారం బాపు బాప్తిస్మానికి నీళ్లలో దిగకపోతే, పోయాక పరలోకంలో నాకు దక్కడనుకున్నాను. దాన్ని ప్రార్థన అనుకున్నాను గానీ అది భయం. దేవుడు ఆలస్యం చేస్తాడేమోనని భయం.

ఇంటికొచ్చాక బతిమాలాను, ఏడ్చాను, ఆయన పెట్టిన కూడు ముట్టనన్నాను. మా దగ్గర వానలకు చెరువు నిండగానే చేపల సంఘం వాళ్లు చేపపిల్లల్ని వదులుతారు. అవి ఎదిగి, పెద్దలు సరేననేదాకా ఎవరూ వల వేయరు. అప్పటికి పిల్లల్ని వదిలి ఎక్కువ రోజులు కాలేదు.

“మొన్ననే గద చెర్వుల పిల్లలేసిండ్రు,” అన్నాడు బాపు. “ఇప్పుడు వలేస్తె ఏమొస్తది? వేలంత చేప. నన్ను గూడ గట్ల పట్టకు కొడుకా.”

“నీకు టైము లేదు బాపు,” అన్నాను.

కన్నతండ్రితో అనాల్సిన మాట కాదు. ఆయన నన్నే చూసి, “సరే తియ్యి” అన్నాడు.

ఆయన తనంతట తానే కోరుకున్నాడా అని పాస్టరు గారు ఫోన్లో అడిగారు. అవునన్నాను.

ఆ ఆదివారం కొత్త నీటితో చెరువు ఎర్రగా, చల్లగా ఉంది. ఒడ్డున మందిరం వాళ్లు పాట ఎత్తుకున్నారు. గట్టు మీద చేపలు వేయించే బండి దగ్గర, బాపుతో పాటు వలలు లాగినవాళ్లు నిలబడి చూస్తున్నారు. “ముసలోడు ఇయ్యాల వల మర్శిపోయి దిగిండే,” అన్నాడు వాళ్లలో ఒకడు. పాస్టరు గారు అడగాల్సింది అడిగారు. బాపు నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

“మావోడు ఎట్ల జెప్తె అట్ల,” అన్నాడు.

ఒడ్డున ఒకరిద్దరు నవ్వారు. పాస్టరు గారు ఆగి నా వైపు చూశారు. “అవునండి, ఆయన మాట అదే,” అన్నాను.

నీళ్లలోంచి లేచినప్పుడు ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. చేపలు పట్టే మావాళ్లు నీళ్లలో కళ్లు మూసుకోరు. ఆ కళ్లు నా మీద నిలవలేదు.

తర్వాత జ్వరం వచ్చింది, తగ్గింది. బాపు మూడో ఎండాకాలం దాకా బతికాడు. లేదని నేను చెప్పిన సమయాన్ని దేవుడు ఇచ్చాడు. అందులో ఒక్క ఆదివారం కూడా ఆయన షెడ్డు గడప మీద కూర్చోలేదు. నేను లోపల కూర్చుని ఆ ఖాళీ వైపు చూసేవాణ్ని. ఒకరోజు తట్టుకోలేక పాస్టరు గారికి అంతా చెప్పాను. ఆయన “మీ బాపుకు చెప్పినవా?” అని మాత్రం అడిగారు. వెళ్లి చెప్పాను. “తెల్సు,” అన్నాడు బాపు. “భయపడ్డవ్.”

చివరి ఎండాకాలం ఆయన మంచం దిగలేదు. అప్పటికి షెడ్డుకు మైకు పెట్టారు, మా ఇంటిదాకా వినిపించేది. ఒక మధ్యాహ్నం నేను అంబలి తాగిస్తుంటే, “గా నిప్పుల మీది చేప ఏడిది?” అని అడిగాడు.

నాకు వెంటనే అందలేదు. చనిపోయి తిరిగి లేచిన ప్రభువు చెరువు ఒడ్డున శిష్యుల్ని తినడానికి పిలిచిన సంగతి అది, మైకులో విన్నట్టున్నాడు. వాళ్లు వల బయటికి లాగకముందే, ఆయన దగ్గర నిప్పుల మీద చేప ఉంది. ఎన్నోసార్లు చదివాను. ఆ చేప ఎక్కడిదని నాకు ఏనాడూ తట్టలేదు.

“వీళ్ల వల ఇంక నీళ్లలనే ఉండె గద. మరి ఆయనకు ఎవలిచ్చిండ్రు?”

ప్రసంగం నాలుక మీదకు వచ్చింది. మింగాను. “నాకు తెల్వదు బాపు.”

“తెల్వకుంటె ఊకో. పోయినంక నేనే అడుగుత.”

నవ్వబోయాడు, దగ్గు అడ్డం పడింది. నమ్మి అంటున్నావా, నవ్వులాటకా అని అడగాలని ప్రాణం కొట్టుకుంది. ఇంకొక్క మాట రాబట్టుకుంటే నాకు నెమ్మది. వీపు రాసి, మళ్లీ గిన్నె అందుకున్నాను. ఆ వారమే పోయాడు.

ఎలా పోయాడని మందిరంలో అడిగితే, నిద్రలో అని చెప్పాను. పోయినంక తానే అడుగుతానన్న ఆ మాట మాత్రం చెప్పలేదు. చెబితే దాన్ని ఆయన నమ్మాడనడానికి సాక్ష్యం చేస్తారు, ఆయన బదులు మళ్లీ నేనే జవాబిచ్చినట్టవుతుంది. బాపు సంగతి దేవుడి చేతిలో ఉందని రోజూ నాకు నేను చెప్పుకుంటాను. కొన్ని రోజులు నమ్మగలుగుతాను.